పైకక్క రాసిన పదకొండు లైన్లు

ఆమెకు ఇంట్లో పెట్టిన పేరు ఒకటుంది గాని, ఆఫీసులో అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనబడదు. అందరికీ ఆమె పైకక్క. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైన ఓనరు కూడా "పైకక్కా, ఒకసారి ఇటు రామ్మా" అనే పిలుస్తాడు. ఇరవయ్యేళ్ళ కిందట ఆ ఆఫీసులో చేరిన కొత్తలో ఆమె ఒక చిన్న ప్రోగ్రామ్ రాసింది. మొత్తం పదకొండు లైన్లు. దాని పేరు 'పైకి'. ఆ పేరే ఆమెకు అతుక్కుపోయింది.

ఆ ఆఫీసు వ్యాపారం గొంతులు. లిఫ్టుల్లో, బస్టాండ్లలో, పెద్ద దుకాణాల్లో వినబడే ప్రకటనలు అక్కడ తయారవుతాయి. ఒక మనిషి చేత కొన్ని వేల మాటలు చదివించి, వాటిని ముక్కలుగా కోసి దాచుకుంటారు. తర్వాత ఎవరికి ఏ వాక్యం కావాలంటే ఆ ముక్కల్ని అతికించి ఆ వాక్యం పలికిస్తారు. ఒక్కో ఖాతాదారుకు సర్వర్లో ఒక్కో ఫోల్డర్. ఏం పలకాలో రాసిన ఫైలు అందులో ఉంటుంది. ఎవరి గొంతుతో పలకాలో చెప్పే ఫైలు మాత్రం ప్రతి ఫోల్డర్‌లోనూ ఉండదు. దాన్ని వెతకడమే 'పైకి' పని. ముందు ఉన్నచోట చూస్తుంది. లేకపోతే ఆ ఫోల్డర్ ఏ ఫోల్డర్‌లో ఉందో దాంట్లోకి, అక్కడా లేకపోతే దానికీ పైనున్న దాంట్లోకి, ఇలా ఒక్కో మెట్టే ఎక్కుతూ పోతుంది. ఇక ఎక్కడానికేమీ లేని చిట్టచివరి ఫోల్డర్ దాకా పోతుంది. దొరికినచోట ఆగి, ఎవరికోసం వెతికిందో, ఎక్కడ దొరికిందో ఒక చిట్టాలో ఒక వరుస రాసుకుని దిగి వస్తుంది. ప్రతి సోమవారం ఉదయం అన్ని ఊళ్ళలోనూ ప్రకటనలు పలికే పెట్టెలు సర్వర్ నుంచి ఆ వారం మాటలు తెచ్చుకుంటాయి కాబట్టి, ప్రతి సోమవారం 'పైకి' ఎక్కి దిగుతూనే ఉంటుంది. ఆ చిట్టాను చదివినవాళ్ళు మాత్రం లేరు.

"పైకి పోయినవాళ్ళు తిరిగొస్తారా అక్కా?" అని కొత్తగా చేరినవాళ్ళు పరాచికాలాడేవారు.

"నాది వస్తుంది" అనేది ఆమె, తలెత్తకుండానే.

ఆమె మాటకారి కాదు. ఆమె పెరిగిన ఇంట్లో మాటలన్నీ పిన్నివే. తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోతే, పిన్నీ బాబాయీ తీసుకొచ్చి పెంచారు. వాళ్ళకు పిల్లల్లేరు. పిన్ని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. నంబరు అడిగినవాళ్ళు ఆ గొంతు వినడానికి ఇంకోసారి అడిగేవారని బాబాయి అనేవాడు. "ఇంకోసారి చెవిటివాళ్ళు కూడా అడుగుతారు లెండి" అనేది పిన్ని. ఎక్స్ఛేంజిలో ఆపరేటర్లు అక్కర్లేకుండా పోయిన ఏడాదే ఈ ఆఫీసుకు మొదటి గొంతు కావలసివచ్చింది. పైకక్క పిన్ని పేరు చెప్పింది. ఓనరు ఒక్క వాక్యం చదివించుకుని, ఇంకెవర్నీ పిలవలేదు.

రికార్డింగు నలభై రోజులు జరిగింది. మేడమీద సామాన్ల గదిలో గోడలకు పాత పరుపులు నిలబెట్టి, పిన్నిని మధ్యలో కూర్చోబెట్టారు. ఫ్యాను వేస్తే చప్పుడని వేయనిచ్చేవారు కాదు. పైకక్క అప్పుడు నిండు నెలలతో ఉంది. పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, చదివిన ఒక్కో మాటకీ టిక్కు పెట్టుకునేది. నాలుగు వేల రెండొందల మాటలు. ఆ గొంతు ఫైలును ఆమె తన చేత్తోనే సర్వర్లో అన్నిటికన్నా పై ఫోల్డర్‌లో పెట్టింది. అప్పుడు ఉన్నది ఒక్కటే గొంతు. ఎవరు ఎక్కడినుంచి వెతుక్కుంటూ వచ్చినా అక్కడికి చేరాల్సిందే.

పదమూడేళ్ళు ఆ గొంతు బస్టాండ్లలో పలికింది. ఆ తర్వాత పిన్నికి గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటికను తీసేశారు. పదకొండు నెలలు పలక మీద రాసి మాట్లాడింది. ఆ నెలల్లో ఆమెకొక అలవాటైంది. సాయంత్రం బాబాయి చెయ్యి పట్టుకుని బస్టాండుకు వెళ్ళి, చివరి బెంచీ మీద కూర్చుని, పై నుంచి వినబడే తన గొంతు వినేది. ఒకసారి పలక తీసి, 'ఈవిడకు కాస్త పొగరెక్కువ' అని రాసి బాబాయికి చూపించింది.

పిన్ని పోయిన నెలకు పైకక్క బస్టాండులో నిలబడలేకపోయింది. కొత్త గొంతు తీసుకుందామని ఓనరును అడిగింది. ఆయన ఎందుకని అడగలేదు. ఒకమ్మాయి చేత చదివించారు. ఆ అమ్మాయి గొంతు ఫైలును పైకక్క 'ప్రాజెక్టులు' అనే ఫోల్డర్‌లో పెట్టింది. ఖాతాదారులందరి ఫోల్డర్లూ దాని కిందే ఉంటాయి గనుక, ఎవరు వెతికినా ముందు అదే తగులుతుంది, అంతకుమించి పైకి వెళ్ళే అవసరం ఉండదు. మరుసటి సోమవారం నుంచి బస్టాండు కొత్త గొంతుతో పలికింది. ఈ సంగతి జరిగి ఆరేళ్ళు.

ఆ మంగళవారం పొద్దున్న పదిన్నరకు బాబాయి ఫోన్ చేశాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. కంటి పరీక్ష కోసం కొత్తగా కట్టిన తొమ్మిదంతస్తుల ఆస్పత్రికి ఒంటరిగా వెళ్ళాడు.

"అమ్మాయ్, పనిలో ఉన్నావా?"

"చెప్పు బాబాయ్. డాక్టరు చూశాడా?"

"ఇంకా చూళ్ళేదు. లిఫ్టు దగ్గరున్నాను." వెనక ఎవరిదో చక్రాల కుర్చీ కీచుమన్న చప్పుడు వినబడింది. "మీ పిన్ని నన్ను తలుపుకు అడ్డం నిలబడొద్దంది."

ఆమెకు చేతిలో ఉన్న పెన్ను ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "ఎవరో పిన్నిలా ఉండి ఉంటుంది బాబాయ్. ఇప్పుడన్నీ ఒకలాగే వినబడతాయి."

"నలభై మూడేళ్ళు విన్నానమ్మా" అన్నాడాయన. అని, "ఐదు దాకా వెళ్ళి మళ్ళీ కిందికి వచ్చాను. ఇంకోసారి వెళ్ళొస్తా" అని పెట్టేశాడు.

ఆ ఆస్పత్రి తమ ఖాతాదారే. ఆమె ఆటో ఎక్కి వెళ్ళింది. కింది హాల్లో మూడు లిఫ్టుల ముందు బాబాయి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నాడు. ఆమెను చూసి, మధ్య లిఫ్టు మీట నొక్కాడు. ఇద్దరూ ఎక్కారు. తలుపులు మూసుకుంటుండగా, నెత్తి మీది జల్లెడలాంటి చిన్న స్పీకర్లోంచి పిన్ని, "తలుపులు మూసుకుంటున్నాయి. దయచేసి అడ్డం నిలబడకండి" అంది.

రికార్డింగుల్లో పిన్ని గొంతు ఎలా ఉంటుందో పైకక్కకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 'దయచేసి' దగ్గర చివరి అక్షరాన్ని కొంచెం పైకి ఎత్తడం కూడా అదే. రెండు, మూడు, నాలుగు అంటూ పోతోంది. ఏడో అంతస్తు దగ్గర లిఫ్టు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి.

"ఏడో అంతస్తు. మెల్లగా దిగండి."

బయట ఎవరూ లేరు. పొడుగాటి వరండా, చివర ఒక కిటికీ. ఆమె చేయి గబుక్కున బాబాయి భుజం మీదికి పోయింది. భయం ఆ గొంతు వల్ల కాదు. ఆ ఆస్పత్రికి మాటలు రాసింది ఆమే. రోగుల కోసమని మేనేజరుతో కూర్చుని ఒక్కో మాటా ఎంచుకుంది. అక్కడ ఉండాల్సింది 'నిదానంగా దిగండి'. 'మెల్లగా' అన్న మాట ఆస్పత్రి ఫైల్లోనే లేదు.

"చూశావా, ఆవిడే" అన్నాడు బాబాయి.

ఆఫీసుకు తిరిగొచ్చి సర్వర్ తెరిచింది. పిన్ని గొంతు ఎలా వచ్చిందన్న మొదటి సంగతి అరగంటలో తేలింది. ఈ మధ్యే చేరిన ఒకావిడ, 'ప్రాజెక్టులు' ఉన్న డిస్కులో చోటు లేదని, ఆస్పత్రి ఫోల్డర్‌ను బయట 'పాతవి' అనే ఫోల్డర్‌లో తయారుచేసింది. అక్కడినుంచి బయలుదేరిన 'పైకి'కి దారిలో కొత్త అమ్మాయి గొంతు తగల్లేదు. ఎక్కుతూ ఎక్కుతూ చిట్టచివరి ఫోల్డర్‌కు చేరింది. అక్కడ పిన్ని ఉంది. చెప్పిన పని చెప్పినట్టే చేసింది.

"నావల్లే జరిగిందా అండీ?" అంది కొత్తావిడ, బిక్కమొహం వేసుకుని.

"మీవల్ల కాదు. ఆ ఫైలు అక్కడ ఉండకూడదు. నేను మర్చిపోయాను" అంది పైకక్క.

రెండో సంగతి మాత్రం తేలలేదు. ఆస్పత్రి ఫైల్లో 'నిదానంగా' అనే ఉంది. పిన్ని మాటల ముక్కల్లో 'నిదానంగా' అన్నదాన్ని వెతికి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని నొక్కింది. "మెల్లగా" అంది పిన్ని. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. నాలుగు వేల రెండొందల ముక్కల్లో అదొక్కటే తప్పు. ఇన్నేళ్ళలో ఏ బస్టాండూ ఆ మాట అడగలేదు కాబట్టి ఎవరూ వినలేదు.

ఓనరు బీరువాలో అసలు టేపులు ఉన్నాయి. ముప్ఫై మూడో రోజు టేపు అది. కోయని టేపు వినడం ఆమెకు అదే మొదటిసారి. కోసింది ఒక సౌండ్ ఇంజనీరు, ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. టేపులో ముందు కాగితం గరగర. తర్వాత పిన్ని 'నిదానంగా' అని చదివింది. వెంటనే ముక్కాలిపీట కిర్రుమంది. ఎవరో లేస్తున్న చప్పుడు, తలుపు గొళ్ళెం, మేడమెట్ల మీద చెప్పుల శబ్దం. అప్పుడు పిన్ని గొంతు, చదివే గొంతు కాదు, ఇంట్లో గొంతు: "మెల్లగా. మెల్లగా దిగవే."

ఇంజనీరు 'నిదానంగా' బదులు దాని తర్వాతి మాటను కోశాడు, అంతే. పైకక్క హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. ఆ మెట్లు దిగుతున్నది తనే. మంచినీళ్ళకు వెళ్ళి ఉంటుంది. ఆ మాట అప్పుడు విన్నదో లేదో ఆమెకు ఎంత ప్రయత్నించినా జ్ఞాపకం రాలేదు.

ఈలోగా ఆస్పత్రిలో గొడవ మొదలైంది. బుధవారం పొద్దున్నే బాబాయి మళ్ళీ వెళ్ళాడు. కళ్ళ పని అయిపోయింది, అయినా వెళ్ళాడు. నాలుగోసారి ఎక్కి దిగుతుంటే, చక్రాల కుర్చీలు తోసే ఆయమ్మ ఆపి, "ఎవరికోసం తాతగారూ తిరుగుతున్నారు?" అని అడిగింది.

"ఆ మాట్లాడేది మా ఆవిడమ్మా" అన్నాడు.

"అవునా! ఇక్కడే పనిచేస్తారా?"

"లేదు. పోయి ఆరేళ్ళయింది."

మధ్యాహ్నానికల్లా ఆస్పత్రి సిబ్బంది సగం మంది మెట్ల మీదే ఎక్కుతున్నారు. భోజనాల బండిని ఇద్దరు మనుషులు మోసుకుని ఆరో అంతస్తుకు తీసుకెళ్ళారు. మేనేజరు ఫోన్ చేసింది. కోప్పడలేదు, చాలా మెత్తగా మాట్లాడింది. అది ఇంకా భయంగా అనిపించింది పైకక్కకు.

"మేడమ్, మాది ఆస్పత్రి. ఇక్కడ పోయినవాళ్ళ మాట ఎత్తకపోయినా రోజు గడవడం కష్టం. సోమవారం దాకా ఆగలేను. రేపే మార్చండి."

ఆ సాయంత్రం పైకక్క బాబాయి ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. పాతవి, ప్రాజెక్టులు, పై ఫోల్డర్ అన్నీ ఓపిగ్గా విన్నాడు. చివరికి, "ఆరేళ్ళు అక్కడే ఉందన్నమాట. నువ్వు తీసెయ్యలేదేం?" అన్నాడు.

"మర్చిపోయాను" అనబోయింది. నిన్న కొత్తావిడతో అన్నప్పుడు తేలిగ్గా వచ్చిన మాట ఇక్కడ రాలేదు. "తీసెయ్యడానికి చెయ్యి రాలేదు బాబాయ్. అంత పైదాకా ఎవరూ వెళ్ళరులే అనుకున్నాను."

ఆయన తలూపాడు.

"ఒక పని చేస్తాను" అందామె. "చిన్న పెట్టె తెచ్చి ఇక్కడ పెడతాను. నీకు కావలసినప్పుడు వినొచ్చు."

"ఇంట్లో వద్దు." వెంటనే అన్నాడు. "ఇంట్లో మాట్లాడితే నేను బదులు చెప్పాలి. అక్కడైతే ఆవిడ అందరితోనూ అంటుంది, నేనూ ఒకణ్ణి." మళ్ళీ తనే, "రేపు మార్చేటప్పుడు నేను లిఫ్టు లోపలుంటాను. చెప్పి మార్చు" అన్నాడు.

గురువారం పదకొండు గంటలకు పైకక్క సెల్లార్లో, లిఫ్టుల మోటార్లు వినబడే, ప్రకటనల పెట్టె ఉన్న ఒక ఇరుకు గదిలో, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బాబాయి మధ్య లిఫ్టులో ఒక్కడే ఎక్కాడు. ఫోన్ తెరిచే ఉంచాడు. ఆమెకు ఫోన్లో పిన్ని గొంతు సన్నగా వినబడుతోంది. రెండో అంతస్తు. మూడో అంతస్తు.

"బాబాయ్, మారుస్తున్నాను."

"ఊ."

నాలుగో అంతస్తు పిన్ని చెప్పింది. ఐదో అంతస్తు కొత్త అమ్మాయి చెప్పింది. తర్వాత తొమ్మిది దాకా ఫోన్లో ఆ అమ్మాయి గొంతు తప్ప ఏమీ లేదు. ఊపిరి చప్పుడు కూడా లేదు. పైకక్క లేచి మెట్లెక్కి పరిగెత్తింది. ఆమె కింది హాల్లోకి వచ్చేసరికి లిఫ్టు దిగి వచ్చింది. బాబాయి బయటికొచ్చి, చేతి రుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఈ పిల్లా బాగానే చెబుతోంది పాపం" అన్నాడు.

అది అక్కడితో అయిపోయిందనే ఆమె అనుకుంది. శుక్రవారం ఆ పదకొండు లైన్లు బయటికి తీసి, ఇంకెవరూ దారి తప్పకుండా 'పాతవి' దగ్గరే ఆగిపోయేలా ఒక లైను కలుపుదామని కూర్చుంది. కలిపేముందు, ఇరవయ్యేళ్ళలో మొదటిసారి చిట్టా తెరిచి చూసింది. కొత్త గొంతు పెట్టిన తర్వాత చిట్టచివరి ఫోల్డర్ దాకా వెళ్ళిన వరుసలు మాత్రమే చూపించమంది. ఆస్పత్రి రెండు వారాలది, రెండు వరుసలు వస్తాయనుకుంది.

తెర నిండిపోయింది. కిందికి జరిపితే ఇంకా ఉన్నాయి. మొత్తం రెండు వేల ఎనిమిది వందల పై చిలుకు వరుసలు. ఆరేళ్ళుగా, ఒక్క సోమవారం కూడా తప్పలేదు.

అవి తొమ్మిది చోట్లవి. ఒప్పందాలు ముగిశాయని ఎప్పుడో 'పాతవి'లోకి తోసేసిన ఖాతాదారులు. కాగితం మీద ముగిశాయి గాని, గోడలకున్న పెట్టెలను ఎవరూ విప్పలేదు. అవి వారం వారం వచ్చి మాటలు అడుగుతున్నాయి, సర్వర్ ఇస్తోంది. ఒక లైబ్రరీ. ఒక రేవు. రెండు చిన్న బస్టాండ్లు. ఈత కొలను ఒకటి. ఆమె బస్టాండు తప్పించుకుని వేరే దారిన ఇంటికి పోతున్న ఆరేళ్ళూ పిన్ని తొమ్మిది చోట్ల మాట్లాడుతూనే ఉంది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు కాబట్టి.

మధ్యాహ్నం ఆఫీసు అంతా మామూలుగానే ఉంది. పక్క బల్ల దగ్గర ఎవరో టీ ఊదుకుంటూ తాగుతున్నారు. పైకక్కకు మాత్రం, తెర మీది ఆ వరుసల వెనక ఎవరో అదే పనిగా పిలుస్తుంటే తను వినిపించుకోనట్టు అనిపించింది. లేచి ఓనరు గదిలోకి వెళ్ళింది.

ఆయన చిట్టా చూసి, చెంప గోక్కున్నాడు. "తీసెయ్యాలమ్మా. వాళ్ళకూ మనకూ సంబంధం లేదిప్పుడు."

"తీసేస్తాను. నెలకొకటి చొప్పున తీస్తాను."

"నెలకొకటా? ఐదు నిమిషాల పని కదా."

"అవునండీ" అంది. ఆయన ఒత్తిడి చేయలేదు.

ఆ తొమ్మిది పేర్లూ ఒక కాగితం మీద రాసి బాబాయికి ఇచ్చింది. ఆయన ఆ కాగితాన్ని బస్సు పాసు వెనక మడిచి పెట్టుకున్నాడు. నెలకొక శనివారం ఇద్దరూ బయలుదేరేవారు. లైబ్రరీలో పిన్ని, "మాటలు తగ్గించండి" అంటుంటే బాబాయి నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. జీవితంలో ఆ మాట అనడానికి ఆవిడకే అర్హత లేదట. రేవు దగ్గర గాలికి సగం మాటలు కొట్టుకుపోయాయి. తర్వాతి సోమవారం పైకక్క ఆ చోటి ఫోల్డర్ను సర్వర్లోంచి తీసేసేది.

ఎనిమిది నెలల్లో ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోది నాలుగంతస్తుల దుకాణాల సముదాయం. వెళ్ళేసరికి సాయంత్రం ఆరు కావస్తోంది. భవనం మూసేసి ఉంది. పక్కన గొడుగులు బాగుచేసేవాణ్ణి అడిగితే, మూడేళ్ళయిందని, కోర్టులో ఉందని చెప్పాడు. షట్టర్ల మీద దుమ్ము పేరుకుని, గాజు తలుపుల లోపల వరసగా ఖాళీ బల్లలు కనబడుతున్నాయి. ఎక్కడో ఒక ఎర్రదీపం వెలుగుతోంది. కరెంటు ఇంకా తీయలేదు.

"ఇక్కడ ఏమీ వినబడదేమో బాబాయ్" అంది.

"వచ్చాం కదా. ఆరు కానీ."

ఆరయింది. లోపల, చాలా లోపల ఎక్కడో, గంట మోగింది. తర్వాత ఖాళీ అంతస్తుల్లో ఒకదాని వెనక ఒకటిగా, కొంచెం కొంచెం ఆలస్యంగా, నాలుగు గొంతులతో పిన్ని అంది: "మూసే వేళయింది. లోపల ఉన్నవాళ్ళు దయచేసి బయటికి రండి."

మూడుసార్లు అంది. గొడుగులవాడు తలెత్తలేదు. రోజూ వినే మాటే కాబోలు.

బాబాయి గాజు తలుపుకు నుదురు ఆనించి, చేతులు అడ్డం పెట్టుకుని లోపలికి చూశాడు. ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నట్టు చాలాసేపు చూశాడు. పైకక్క ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"సోమవారం తీసెయ్యనా?"

"ఇది వదిలెయ్ తల్లీ" అన్నాడు. "వినేవాళ్ళెవరూ లేని చోట ఎవరికి అడ్డం? కరెంటు తీసేవాళ్ళు వాళ్ళే తీస్తారు."

ఆమె ఓనరుకు ఎనిమిది తీశానని చెప్పింది, తొమ్మిది అని అబద్ధం ఆడలేదు. ఆ తర్వాత ప్రతి సోమవారం పొద్దున్న ఆఫీసుకు కొంచెం ముందే వచ్చి, టీ తెచ్చుకునేలోపు చిట్టాలో ఆ ఒక్క వరుస ఉందో లేదో చూసుకునేది. వానలు మొదలైన నెలలో మూడో సోమవారం అది రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. ఆ రోజు బాబాయికి ఫోన్ చేసి చెప్పింది. ఆయన, "సరేనమ్మా" అని, పెరట్లో మందారానికి చీడ పట్టిందని, వచ్చేటప్పుడు మందు తెమ్మని చెప్పాడు.